శ్రీగిరి త్రోవ: స్త్రీల యాశ్రయములు



ఆత్మకూరునుండి శ్రీశైలమునకు రెండు త్రోవలు గలవు. ఒకటి దోర్నాలమీదుగా పోవు బండ్ల బాట. దానిపై నేడు బస్సులు తిరుగుచున్నవి. నల్లమల పెద్దపులులకు రక్షితారణ్యమగుటచే రాత్రివేళ ఆ దారిని మూసివేయుదురు. రెండవది కాలిబాట. వెంకటాపురముకడ అడవిలో ప్రవేశించి, నాగలూటి వీరభద్రునికి మ్రొక్కి, పెద్దచెఱువుకడ రాత్రి గడిపి, భీమునికొలను లోయలోనికి దిగి, మరల మెట్లెక్కి, కైలాసద్వారమును దాటి మల్లన్న సన్నిధి చేరవలెను. ఇది నిన్నమొన్నటి త్రోవ గాదు. శ్రీశైలయాత్ర యెంత పురాతనమైనదో తెలియగోరువారు పాలకురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రములోని పర్వతప్రకరణమును చూడవచ్చును.

ఈ కాలిబాటపై ఏటేట ఉగాదికి ముందు కన్నడదేశమునుండి వేలకొలది జనులు నడచి వత్తురు. వారిలో కొందరు కఱ్ఱకాళ్లు కట్టుకొని నడచుటయు మీరు చూచియే యుందురు. వారికి మల్లన్నపై భక్తి యెంతయో భ్రమరాంబపై మమకార మంత. ఆమె తమ యింటి ఆడపడుచని వారి నమ్మకము. అందుచే పండుగకు చీరయు రవికయు, పసుపు కుంకుమలును మూటగట్టుకొని, పుట్టింటివారు సారె తెచ్చినట్లు తెత్తురు. మా చిన్ననాట వారు మా యింటి యరుగుపై విశ్రమించుచుండెడివారు. మా జేజి మజ్జిగయు, సంగటియు పెట్టించుచుండెను.

ఒక యేడు ఆ యరుగుపై కూర్చుండిన ముదుసలి యొకతె ఒక కథ చెప్పినది. తలుపుచాటున నిలిచి ఆ కథ విన్నది మా మేనత్త. ఆ కథనుబట్టియే నేడు నేను మీతో మాటలాడవలసి వచ్చినది. స్త్రీలు లోకమునకు దూరముగా ఆశ్రయము వెదకికొనుట యెట్టిది, అట్టి యాశ్రయములను ఎవరు కట్టిరి, అవి యెంతవఱకు నిలిచినవి అను సంగతులను ఈ ప్రసంగములో కొంత విన్నవించుకొందును.

ఆ ముదుసలి చెప్పినది అక్కమహాదేవి కథ. అక్క పండ్రెండవ శతాబ్దిలో నేటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడియందు జన్మించినది. చెన్నమల్లికార్జునుడే తన భర్త యని చిన్ననాటనే నిశ్చయించుకొన్నది. కౌశికుడను ప్రభువు ఆమెను వలచెననియు, ఆమె వానియింట నిలువక సర్వమును, కట్టుబట్టనుగూడ, విడిచి, తన కేశపాశమునే వస్త్రముగా చేసికొని వెడలిపోయెననియు పరంపరాగతమగు కథ. ఆమె చరిత్రమును హరిహరకవి కన్నడమున రగడగా వ్రాసెను. ఒంటరిగా నడచి కల్యాణమును చేరిన యామెను బసవేశ్వరుని శరణులు వెంటనే ఆదరింపలేదు. అల్లమప్రభువు నిండుసభలో నిలువబెట్టి ప్రశ్నలు వేసెను. ఆమె బెదరక బదులు చెప్పినది. అటుపిమ్మట సభవారే ఆమెను అక్కా యని పిలిచిరి. ఆ కాలపు శరణులలో ముప్పదిమందికి పైబడిన స్త్రీలు వచనములు రచించిరి. కూలిపనివారును, గృహిణులును వారిలో నుండిరి. మన దేశచరిత్రమున ఇది చిన్న సంగతి గాదు.

కల్యాణమున గౌరవము లభించినను అక్క అచ్చట నిలువలేదు. శ్రీశైలమునకు వచ్చి కదళీవనమున లింగైక్యము పొందెనని భక్తులు చెప్పుదురు. పాతాళగంగనుండి పడవపై కృష్ణానదిలో ఎగువకు పోయినచో అక్కమహాదేవి గుహలు కనబడును. రాతి వంపు సహజముగా తోరణమువలె నిలిచియుండును. లోపల ఒక యిరుకు సందున దీపము పట్టుకొని, వంగి, ప్రక్కకు తిరిగి పోయినచో చివర లింగమున్నది. నేను రెండుమారులు పోయితిని. బలిసినవానికి ఆ సందు లొంగదు. ఒక స్త్రీ తలదాచుకొనుటకు లోకమున ఇంతకంటె వెడల్పైన చోటు దొరకలేదా యని మొదటిమారు నాకు తోచినది. రెండవమారు వేఱొకటి తోచినది. ఆ యిరుకు చోటును ఆమె తానై యెన్నుకొన్నది. ఎవరును ఆమెను అందులో పెట్టి తలుపు వేయలేదు.

శ్రీశైలమున ఇట్టి జ్ఞాపకములు మఱికొన్ని గలవు. దేవాలయమునకు వెనుక మల్లమ్మ కన్నీరను జలధార యున్నది. హేమారెడ్డి మల్లమ్మను అత్తయు తోడికోడండ్రును బాధించిరనియు, ఆమె మల్లికార్జునునే నమ్మి సహించెననియు మన సీమలోను కన్నడసీమలోను రెడ్లు మొదలగువారు కథలుగా చెప్పుకొందురు. ఆమె కన్నీరే ఆ ధార యని భక్తుల విశ్వాసము. మఱియొకతె రాణి. విజయనగరపు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించెను. రాణికి ధనముండెను గాన మెట్లు కట్టించినది. మల్లమ్మకు కన్నీరే యుండెను. లోకము రెంటిని జ్ఞాపకముంచుకొన్నది. కాని కన్నీటిని పూజించిన మనము, ఆ కన్నీరు పెట్టించిన యింటిని దిద్దుకొంటిమా యని నన్ను నేనే ప్రశ్నించుకొనుచుందును.

మన రాయలసీమలోనే తరిగొండ వెంగమాంబ యున్నది. ఆమె జీవితకాలము 1730 మొదలు 1817 వఱకని చెప్పుదురు. బాల్యముననే భర్తను గోల్పోయిన యామె తల గొరిగించుకొనుటకు సమ్మతింపలేదు. ఊరివారి నిందలకు తాళలేక తిరుమలకు పోయెను. అచ్చటను కొందరి బాధ తప్పకపోగా తుంబురుకోనలో కొన్నియేండ్లు ఏకాంతముగా నుండెనని ప్రతీతి. వెంకటాచలమాహాత్మ్యము మొదలగు గ్రంథములను రచించిన విదుషీమణి యామె. నేటికిని తిరుమలలో ఏకాంతసేవవేళ ఆమె పేర ముత్యాలహారతి యిచ్చుచున్నారు. ఊరు వెలివేసిన స్త్రీ హారతిని దేవుడు ప్రతిరాత్రియు స్వీకరించుచున్నాడు.

అక్కయు వెంగమాంబయు అసాధారణ స్త్రీలు. ఒంటరిగా కొండయెక్కగల గుండె వారికుండెను. సామాన్య స్త్రీకి అట్టి గుండె యుండునని మనము ఎదురుచూడరాదు. ఆమెకు కావలసినది గుహ గాదు. నలుగురు తోటివారును, ఒక పొయ్యియు, చేతికి పనియు, రాత్రి గడియపెట్టుకొనుటకు ఒక తలుపు. ఇట్టి కూటములను స్త్రీలు తమంతట తామే నిర్మించుకొన్న దేశమొకటి గలదు. ఆ వృత్తాంతమును మీకు కొంచెము చెప్పెదను.

యూరపుఖండమున, నేటి బెల్జియము, హాలెండు, ఉత్తర ఫ్రాన్సు ప్రాంతములందు, పండ్రెండవ శతాబ్దము ముగియుచు పదమూడవది మొదలగు కాలమున, బెగీనులను స్త్రీలు కనబడిరి. వారు సన్న్యాసినులు గారు. మఠములలో చేరు స్త్రీవలె యావజ్జీవము వ్రతము పట్టరు. పెండ్లికానివారు, భర్తను పోగొట్టుకొన్నవారు, పెండ్లి వలదనుకొన్నవారు కూడి కాపురముండిరి. ఒక చుట్టుగోడ, ఒక ద్వారము, నడుమ పచ్చిక, చుట్టును చిన్న చిన్న యిండ్లు, ఒక దేవళము. నూలు వడకి, బట్టలు నేసి, చాకిరేవు పని చేసి, రోగులకు పరిచర్య చేసి, పిల్లలకు చదువు చెప్పి తమ కూడు తాము సంపాదించుకొనిరి. వారిలో ఒకతెను పెద్దగా ఎన్నుకొనిరి. తన సొమ్ము తనయొద్దనే యుంచుకొనవచ్చును. మనసు మాఱి పెండ్లి చేసికొనదలచిన స్త్రీ ద్వారము తెఱచుకొని పోవచ్చును. ఈ కడపటి సంగతి ముఖ్యమైనది. ఇంతకంటె పెద్ద మఠములు లోకమున ఎన్నియో గలవు. కాని లోపలివారు తెఱచుకొనగల ద్వారము గలవి బహు స్వల్పము.

ఫ్రాన్సు రాజగు తొమ్మిదవ లూయి పారిసు నగరమున వీరికొక పెద్ద నివాసము కట్టించి యిచ్చెను. రాజు ఆదరించినను లోకమునకు అనుమానము పోలేదు. తండ్రి యధికారమునందు గాని, భర్త యధికారమునందు గాని, మఠాధిపతి యధికారమునందు గాని లేని స్త్రీ ఎవరి మాట వినును? ఆ ప్రశ్న పెద్దలను నిద్రపోనీయలేదు. మార్గరెత్ పొరేత్ అను బెగీను దైవప్రేమనుగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. దానిని విడువుమనిరి, విడువలేదు. విచారణలో ప్రమాణము చేయుమనిరి, చేయలేదు. 1310 జూన్ 1న పారిసు నగరపు బహిరంగస్థలమున ఆమెను సజీవముగా దహించిరి. అటుపిమ్మట 1311, 1312 సంవత్సరములందు వియెన్నులో జరిగిన క్రైస్తవ మహాసభ బెగీనుల జీవనవిధానమునే ఖండించెను.

ఇచ్చట మన కల్యాణసభను జ్ఞాపకము చేసికొనుడు. అచ్చటను ఒక స్త్రీని నిలువబెట్టి ప్రశ్నించిరి. ఆమె బదులు చెప్పగా సభ తలవంచి అక్కా యనెను. పారిసులో ఒక స్త్రీ మౌనము వహింపగా సభ నిప్పు పెట్టెను. ఇది చెప్పి మనవారు గొప్పవారని నేను మీసము దువ్వుట లేదు. మన ఊళ్లలో నిప్పు వేఱురూపమున నుండెను. అంతియే.

ఇంత జరిగినను బెగీనులు నశింపలేదు. బెల్జియములోని ఫ్లాండర్సు ప్రాంతమున వారి నివాసములు శతాబ్దములు నిలిచినవి. వానిలో పదమూడింటిని 1998లో యునెస్కో సంస్థ ప్రపంచవారసత్వ పట్టికలో చేర్చినది. కడపటి బెగీను కోర్ట్రైక్ పట్టణమున 2013లో, తన 92వ యేట మరణించెను. స్త్రీలు కట్టుకొన్న ఒక యేర్పాటు ఎనిమిది వందల యేండ్లు నిలిచినది. ఎన్ని రాజ్యములు అంతకాలము నిలిచినవి?

ఇక మన తెలుగునాటికి వత్తము. వితంతువుల పునర్వివాహము చట్టసమ్మతమని 1856లోనే శాసనము వచ్చినది. కాని శాసనము కాగితముపై నుండెను, వితంతువు వంటయింటి మూలనుండెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తమ యింట మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ కథ మీలో పెక్కురెఱుగుదురు. ఎఱుగవలసినంతగా ఎఱుగనిది వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారి కష్టము. ఊరు వెలివేయగా వంటవారు మానిరి, నీళ్లు మోయువారు మానిరి. ఆ యమ్మ తానే గోదావరికి పోయి బిందెతో నీళ్లు తెచ్చి, తానే వండి, వచ్చిన యాడపిల్లలకు తల్లియై తల దువ్వెను. పంతులుగారు సభలలో వాదించుచుండగా, ఆశ్రయమను మాటకు అర్థము ఆమె వంటయింటనుండెను. ఆమె 1910లో కాలధర్మము నొందిరి. పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి. ఊరివెలుపలి తోటలో వితంతుశరణాలయమును నడపిరి. వారు 1919 మే 27న మద్రాసులో పరమపదించిరి.

గుంటూరిలో ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును 1902లో వితంతుశరణాలయమును, 1922లో శారదానికేతనమును నెలకొల్పిరి. మద్రాసులో దుర్గాబాయమ్మగారు 1937లో ఆంధ్రమహిళాసభను ప్రారంభించిరి. మొదటి శరణాలయములు స్త్రీని లోకమునుండి దాచి రక్షించుటకై పుట్టినవి. పిమ్మటివి ఆమెకు చదువును, చేతిపనియు నేర్పి లోకములోనికి మరల పంపుటకై పుట్టినవి. ఈ మార్పును పెద్దలు గమనింపవలెను. గోడ యొకటియే. కాని మొదట ద్వారము లోపలికి రమ్మనుటకు తెఱవబడినది, పిమ్మట వెలుపలికి పొమ్మనుటకు తెఱవబడినది.

ఇపుడు మా మేనత్త సంగతి. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1930 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదనినారు. చట్టము వచ్చునను భయముచే దానికి ముందటి నెలలలో దేశమంతట పెండ్లిండ్లు త్వరత్వరగా జరిగినవి. ఆ తొందరలో జరిగిన పెండ్లిండ్లలో మా మేనత్త పెండ్లి యొకటి. ఆమెకు అపుడు ఏడేండ్లు. నాలుగేండ్లకు భర్త పోయినాడు. ఆమె అత్తవారి యిల్లు చూచినది కర్మదినములలో మాత్రమే. 1937లో స్త్రీల ఆస్తిహక్కు చట్టము వచ్చినది గాని, అది అటుపిమ్మట భర్త పోయినవారికే వర్తించినది. ఆమెకు దక్కినది తిండి, బట్ట, మా యింటి వెనుకగది.

ఆమె తలుపుచాటున అక్కమహాదేవి కథ విన్ననాడు నేను ప్రక్కనే యుంటిని. కథ ముగిసిన పిమ్మట ఆమె లోపలికి పోయి నా పలక తెచ్చి, "అక్క అని రాసి సూపించు నాయనా" యనినది. నేను వ్రాసితిని. ఆనాటినుండి నా చదువుతోపాటు ఆమె చదువు సాగినది. నేను బడిలో నేర్చినది సాయంకాలము ఆమెకు చెప్పుట నాకు ఆటగా నుండెను. ఆమెకు అది యాట గాదని నేను గ్రహింపలేదు.

నాకు ఇరువదియేండ్లు నిండిన సంవత్సరము ఆమె యొకనాడు నన్ను పిలిచినది. పట్టణమున ఆడవారికి పని నేర్పి చదువు చెప్పు ఇల్లొకటి యున్నదని ఆమె పత్రికలో చదివినది. "నన్ను ఆడ ఇడిసిపెట్టి రారా నాయనా. అడవిలోకి పోయేంత గుండె నాకు లేదు. నలుగురు ఆడోళ్లు ఉండే సోట అయితే బతుకుతా" ననినది. ఆమెకు అపుడు నలుబదియేండ్లు దాటినవి. నేను నవ్వితిని. "ఈ వయసులో చదువేమిటత్తా, నలుగురు వింటే మన యింటిని ఏమనుకొందురు" అంటిని. ఆమె మరల ఆ మాట యెత్తలేదు. మా తాత గతించియుండెను, నాయన మెత్తనివాడు. నేను ఔనని యుంటినేని ఆమె పోయి యుండెడిది. అడ్డము నిలిచినది శాస్త్రము గాదు, చట్టము గాదు. ఆమె చేత పలకపై అక్షరములు దిద్దించిన నేనే.

1981లో ఆమె పోయినది. ఆమె పెట్టె తెఱచి చూడగా అడుగున ఒక మూట యున్నది. రెండు నేత చీరలు, ఒక లోటా, గుడ్డలో ముడివేసిన కొంత చిల్లర. ప్రయాణమునకు కట్టుకొన్న మూట. ఎన్నియేండ్ల క్రిందట కట్టినదో ఎవరికిని తెలియదు.

ఈ సంగతి చెప్పుట జాలి పుట్టించుటకు గాదు. ఆశ్రయములనుగూర్చి నేను చదివిన చరిత్ర యంతయు ఆ మూట చూచిన పిమ్మట చదివినదే. దానినుండి నాకు తెలిసినది మూడు మాటలలో చెప్పుదును. స్త్రీ తానై యెన్నుకొన్న గుహ ఆశ్రయము. పరులు పెట్టిన వెనుకగది, పాలరాతిదైనను, ఆశ్రయము గాదు. చేతిలో పనియు సొంత సొమ్మును లేని యాశ్రయము ఎక్కువకాలము నిలువదు. బెగీనులు నిలిచినది తమ వడకిన నూలుపై. ఇక మూడవది, పుట్టిన యింట హక్కు గల స్త్రీకి ఆశ్రయము వెదకికొను నవసరమే తఱచుగా రాదు.

ఈ మూడవదానిని చట్టమును గుర్తించినది. 1956 హిందూ వారసత్వ చట్టము వితంతువునకు ఆస్తిపై సంపూర్ణాధికార మిచ్చినది. 1985లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము కూతునకు కుమారునితో సమముగా పిత్రార్జితమున భాగ మిచ్చుచు చట్టము చేసినది. ఇరువదియేండ్లకు, 2005లో, దేశమంతటికి అట్టి సవరణ వచ్చినది. అదే సంవత్సరమున గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టమును చేసిరి. కాపురమున్న యింటినుండి స్త్రీని వెడలగొట్టరాదని అందున్నది. ఆపదలోనున్న స్త్రీ 181 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఈ సంఖ్యను మీ రచ్చకట్టకడ గోడపై పెద్ద యక్షరములతో వ్రాయించుడని నా మనవి. చదువగలవారు చదువుదురు, చదువలేనివారికి చదువగల పిల్లలు గలరు.

కాని, చట్టము 1856లోను ఉండెను. పత్రముపై సంతకముకొఱకు చెల్లెలిని పిలిపించి, చీర పెట్టి, భాగము వదలించుకొను అన్నలు మన ఊళ్లలో లేరని చెప్పగలమా? పంచాయితికి వచ్చిన యాడుబిడ్డను "సర్దుకొని పొమ్మా" యని పంపుట మనము మానితిమా? పెద్దలు అను మాటకు గౌరవమున్నంత కాలము, చట్టము మన నోటిమీదుగానే ఊరిలోనికి రావలెను. మన నోట రాకున్న అది ఊరివెలుపలనే నిలిచియుండును.

ఉగాదికి ముందు కన్నడ యాత్రికులు మన వీథులవెంట పోవునపుడు వారి తలలపై మూటలను చూడుడు. వందలకొలది మైళ్లు నడచి, కొండదేవతను తమ యింటి యాడపడుచని తలచి సారె తెచ్చు జనము వారు. వారికి మజ్జిగ పోయుటతో మన ధర్మము తీరదు. మన యింటి వెనుకగదిలో ఏ మూట కట్టియున్నదో, అది ఎవరిదో, వారు ఎచ్చటికి పోదలచిరో ఆనాడొకమారు అడిగి చూడుడు. అడుగుటకు నాకు అవకాశముండెను. మీలో పెక్కుమందికి ఇంకను గలదు.